సంతృప్తికరమైన చప్పుడు

వంద రోజుల్లో నాలుగు వందల బడులకు నాలుగు వందల రోబో కిట్లు ఇస్తామని మా మంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, ఆయన రెండుసార్లు మంచినీళ్ళు తాగి, కళ్ళద్దాలు తుడుచుకుని, తర్వాతి కాగితం వెతుక్కునేంత వ్యవధి దొరికింది. "పిల్లల చేతికి రోబోను ఇస్తాం. రోబో చేతికి భవిష్యత్తును ఇస్తాం," అన్నారాయన. ఇంత గొప్ప మాట ఈ మధ్యకాలంలో ఎవరూ అనలేదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే రాసిచ్చింది నేనే.

నేను శాస్త్ర ప్రచార శాఖలో సెక్షన్ సూపరింటెండెంటుని. శాస్త్రం ఎక్కడుంటుందో నాకు తెలియదు గాని, ప్రచారం మాత్రం ఇరవై ఆరేళ్ళుగా నా బల్ల మీదుగానే వెళ్తోంది.

సభ అయ్యాక ఒక విలేకరి లేచి అడిగాడు. "సార్, ఆ రోబో ఏం చేస్తుంది?"

మంత్రిగారు క్షణం ఆలోచించారు. ఆలోచించడం ఆయనకు అలవాటే. "ఏం చెయ్యాలో నిపుణుల కమిటీ చెబుతుంది," అన్నారు.

"కమిటీలో ఎవరున్నారు సార్?"

"నిపుణులు."

అప్పటికి కమిటీ లేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అదన్నమాట. కాని మా ప్రభుత్వం చురుకైనది. ఆ సాయంత్రానికే కమిటీ పుట్టింది. అందులో ఒకే ఒక్క సభ్యుడు. ఆ సభ్యుణ్ణి నేను.

ఎందుకు నేనంటే, నా బొటనవేలికి కట్టు ఉంది.

ఆ కట్టు కథ చెప్పాలి. బీపీ పెరుగుతోంది, ఏదైనా హాబీ పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. యాభై రెండేళ్ళ వయసులో హాబీ ఎక్కడ దొరుకుతుంది? మా అక్క కూతురు దగ్గర దొరికింది. మా అక్క ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతుంది. ఆ గదిలో గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల ఉంది. బల్లకి ఒక చివర అక్క కత్తెర, రెండో చివర మేనకోడలి వైర్లు. చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుందని ఇంట్లో ఆ పిల్లను పేచీ అని పిలుస్తాం. బళ్ళో దానికిది ఆఖరి ఏడాది.

పేచీ ఎనిమిది నెలలు కూర్చుని ఒక రోబో చేసింది. దాని ఒళ్ళు టిఫిన్ డబ్బా మూత. చక్రాలు, మోటార్లు పాత బొమ్మ కార్లలోవి. ముందువైపు నేలమీద జారడానికి అక్క గుండీల డబ్బాలోంచి ఏరిన నున్నటి కోటు గుండీ. కింద రెండు సెన్సర్లు, అంటే నలుపేదో తెలుపేదో చూసే చిన్న కళ్ళు. నేలమీద నల్ల టేపు అంటిస్తే, ఆ గీత వెంబడే పోతుంది. గీత అయిపోతే ఆగిపోతుంది. అందుకని దానికి చీమ అని పేరు పెట్టింది.

"గీత కనబడకపోతే ఆగిపోవాలని నేర్పాను మామయ్యా," అంది. "తెలీని చోటికి పరిగెత్తకూడదు కదా."

ఈ బుద్ధి మా శాఖలో ఒక్కరికీ లేదు, నాతో సహా.

నేను శిష్యరికం మొదలుపెట్టాను. మొదటిరోజు చిన్న ఎర్రబల్బు వెలిగించమంది. వెలిగించాను. అది టప్పుమని పేలి, గది అవతల అక్క కుడుతున్న జాకెట్టు మీద పడింది. రెండోవారం నేనూ ఒక రోబో చేశాను. దాని ఒక చక్రం ముందుకీ, ఇంకో చక్రం వెనక్కీ తిరిగేది. ఉన్నచోటే గిరగిరా తిరుగుతూ ఉండేది.

"దీన్నేం చెయ్యాలే?" అన్నాను.

"మీ ఆఫీసుకి తీసుకెళ్ళు మామయ్యా. అక్కడ సరిపోతుంది," అంది పేచీ.

మూడోవారం వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ ఇచ్చింది. దానికి ఒక కొన వేడిగా ఉంటుంది, రెండో కొన పిడి. నేను అడగకుండా వేడి కొన పట్టుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. అక్క గుడ్డముక్కతో కట్టు కట్టింది.

మర్నాడు ఆఫీసులో మంత్రిగారి పీయే ఆ కట్టు చూశాడు. "ఏమైందండీ?" అన్నాడు.

"రోబోటిక్స్," అన్నాను. ఆ మాట అనడంలో నాకు ఎందుకో కొంచెం గర్వం కలిగింది. ఆ గర్వమే కొంప ముంచింది. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం. సాయంత్రం అయ్యేసరికి ఉత్తర్వు నా బల్ల మీదుంది: "రోబోటిక్స్‌లో ప్రత్యక్ష అనుభవం గల అధికారి."

ఈ వార్త విని అందరికంటే సంతోషించింది పేచీ. దానికో కారణముంది. వంద రోజుల పథకం ముగిసిన వారంలోనే బడిపిల్లలకు మా శాఖ రోబో పోటీ పెడుతోంది. గెలిచినవాళ్ళకు రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండు నెలల శిక్షణ. సీటు ఒక్కటే. బళ్ళో చదివేవాళ్ళకే. అంటే పేచీకి ఇదే మొదటి అవకాశం, ఇదే చివరిది.

"చీమ మోటార్లు అరిగిపోయాయి మామయ్యా. మలుపు దగ్గర మూలుగుతోంది," అంది. "మా బడికి కిట్ వస్తే కొత్త మోటార్లు రెండు దొరుకుతాయి. అప్పుడు చూడు, ఆ సీటు నాదే."

"నీదేనే, కమిటీయే నీ ఇంట్లో ఉంది," అన్నాను. ఆ మాట అన్నందుకు నన్నెవరైనా తన్ని ఉంటే బాగుండేది.

కమిటీ మొదటి సమావేశం నా బల్ల దగ్గరే జరిగింది. నేను అధ్యక్షత వహించాను, నేనే వందన సమర్పణ చేశాను. కిట్లను కాపాడటానికీ, పోటీ నడపడానికీ కలిపి నలభై రెండు రూల్సు రాశాను. కిట్లు చేతికిస్తే పిల్లలు విప్పేస్తారని నా భయం. అందుకని ఏడో రూలు: శిక్షణ పొందిన టీచరు లేకుండా ఏ కిట్టూ సీలు తీయరాదు. ఎనిమిదో రూలు: కనీసం ఒక కిట్ విప్పి రోబో చేసిన టీచరుకే శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం ఇవ్వబడును.

కార్యదర్శి గారు చదివి, కళ్ళజోడు తీసి, నావైపు చాలాసేపు చూశారు.

"దీంతో ఒక్క కిట్ కూడా పాడైపోదు," అన్నారు.

"అవకాశమే లేదండీ."

"ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత పకడ్బందీ ఫైలు చూడలేదు."

నాకు కళ్ళు చెమర్చాయి. ఇరవై ఆరేళ్ళలో నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన.

ఆ తర్వాత సరఫరా కాంట్రాక్టరు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. చెప్పులు గది బయటే విడిచి వచ్చాడు. చేతిలో ఒక డబ్బా. ఆహా, ఏం డబ్బా అది. దళసరి అట్ట, మెరిసే కాగితం, నాలుగువైపులా మంత్రిగారి నవ్వుముఖం, అడుగున చిన్న అక్షరాల్లో 'నిపుణుల కమిటీ ఆమోదించినది'. నా పేరు లేకపోయినా, అది నేనే కదా.

"శాంపిల్ సార్," అన్నాడు.

"తెరిచి చూడొచ్చా?"

అతను చేతులు కట్టుకున్నాడు. "ఏడో రూలు ఉంది కద్సార్. తమరు శిక్షణ పొందారా?"

నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. నా రూల్సు చదివినవాడు లోకంలో ఒకడున్నాడు.

"మరి ఆమోదించడం ఎలాగయ్యా?"

"కదిపి చూడండి సార్."

కదిపాను. లోపల గలగలమంది. ఇంకోసారి కదిపాను, చెవి దగ్గర పెట్టుకుని. మళ్ళీ గలగల. డబ్బా అంచులు తడిమి చూశాను, అట్ట గోటితో గీకి చూశాను, అచ్చు చెరుగుతుందేమోనని తడివేలితో రుద్ది చూశాను. ఎక్కడా లోపం లేదు. వెంటనే ఉత్తరం రాసిచ్చాను: "నమూనాను కదిపి చూడగా సంతృప్తికరమైన చప్పుడు వచ్చినది. నాలుగు వందలూ ఏ మార్పూ లేకుండా అచ్చం ఇలాగే సరఫరా చేయవలెను." సంతకం కొంచెం పెద్దగానే పెట్టాను.

అరవయ్యో రోజుకల్లా నాలుగు వందల బడులకూ డబ్బాలు చేరిపోయాయి. మంత్రిగారి మాటంటే మాటే. పేచీ బడికి నేనే స్వయంగా వెళ్ళాను, కమిటీ తనిఖీ పేరుతో. హెడ్ మిస్ట్రెస్ గారు నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి బీరువా చూపించారు.

"కిట్ ఇందులో భద్రంగా ఉంది సార్."

"తాళం?"

"పక్క బీరువాలో ఉంది సార్."

"దాని తాళం?"

"ఇందులో ఉంది సార్," అన్నారు మొదటి బీరువా చూపించి. కాస్సేపు ఇద్దరం ఆ రెండు బీరువాల వైపూ చూస్తూ నిలబడ్డాం. ఇంత భద్రత బ్యాంకుల్లో కూడా ఉండదని రిజిస్టర్లో రాసి సంతకం చేశాను.

తలుపు దగ్గర పేచీ నిలబడి ఉంది. "మేడమ్, రెండు మోటార్లు తీసుకుని పోటీ అయ్యాక ఇచ్చేస్తానండీ," అంది.

"ఏడో రూలు ఒప్పుకోదమ్మా. కావాలంటే నిపుణుల కమిటీని అడుగు. ఇదిగో, ఇక్కడే ఉన్నారు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారిని నేనే. పేచీ నావైపు చూసింది. నేను గోడ మీది టైంటేబుల్ వైపు చూశాను. బుధవారం మూడో పీరియడ్ లెక్కలు అని ఇప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్తే, పేచీ వాదన పెట్టుకుంటుందనే అనుకున్నాను. పెట్టుకోలేదు. మోటార్లు విప్పి, కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క వేసి, మళ్ళీ బిగిస్తోంది.

"అడ్జస్ట్ చేస్తాలే మామయ్యా," అంది. "నీ ఉద్యోగం కదా పాపం."

ఆ 'పాపం' అన్న మాటకి నాకు తిట్టించుకున్నంత అయింది.

తొంభై తొమ్మిదో రోజున పీయే పరిగెత్తుకుంటూ వచ్చాడు. రేపు గురువారం నూరో రోజు. మంత్రిగారు పథకం విజయాన్ని పత్రికలవాళ్ళకు చూపిస్తారట. పథకంలో పిల్లలు తయారుచేసిన రోబో ఒకటి వచ్చి, ట్రేలో కత్తెర తెచ్చిస్తే, ఆయన రిబ్బను కత్తిరిస్తారట.

"ఒక రోబో పట్రండి," అన్నాడు.

"ఎక్కడ్నించి?"

"నాలుగు వందలున్నాయి కదండీ."

"ఒక్కటీ విప్పలేదు."

"ఎందుకు విప్పలేదు?"

"ఏడో రూలు."

"ఎవడు రాశాడండీ ఆ రూలు?"

నేను బల్లమీద కాగితాలు సర్దాను. పీయే నా బొటనవేలి మచ్చ చూశాడు. "మీ ఇంట్లో ఒకటుండాలే," అన్నాడు. నా రోబోను తలచుకున్నాను. అది కత్తెర పట్టుకుని మంత్రిగారి ముందు గిరగిరా తిరగడం ఊహించుకున్నాను. ఆ ఊహ కొంచెం నచ్చింది గాని, నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది.

పేచీని అడిగాను. ఒక్క గంట చాలన్నాను. పోటీ శనివారం. అది చీమను తువ్వాలులో చుట్టి ఇచ్చింది. "బ్యాటరీ తిరగేసి పెట్టకు మామయ్యా. ఎడమ వైరు వదులుగా ఉంది, లాగకు. గీత పూర్తిగా వెయ్యమను. సాయంత్రానికల్లా తెచ్చెయ్."

"మా అమ్మ మీద ఒట్టే," అన్నాను. మా అమ్మ లేదు కాబట్టి ఆవిడకేమీ కాలేదు.

గురువారం ఉదయం. హాలు నిండా కెమెరాలు. చీమ మీద పథకం స్టిక్కర్ అంటించారు. దాని ఒళ్ళంతా కలిపి అరచేయంత, స్టిక్కర్ రెండు అరచేతులంత, అంచులు మడిచి సర్దారు. గుమ్మం నుంచి ఎర్ర తివాచీ వైపు నేలమీద నల్ల టేపు వేశారు. తివాచీ మీద మంత్రిగారు. నేను మీట నొక్కాను. చీమ చిన్న ట్రేలో కత్తెర మోసుకుంటూ బయలుదేరింది. మలుపు దగ్గర మూలిగింది, అయినా తిరిగింది. ఎనిమిది నెలల పని అలా వెళ్తుంటే, నిజం చెబుతున్నాను, అంత అందమైన దాన్ని మా ఆఫీసులో నేనెన్నడూ చూడలేదు.

మంత్రిగారికి నాలుగు అడుగుల దూరంలో అది ఆగిపోయింది.

టేపు అయిపోయింది. చుట్ట అంతవరకే వచ్చిందట.

మంత్రిగారు చెయ్యి చాపారు. అందలేదు. చీమ కదల్లేదు. కార్యదర్శి గారు నా చెవిలో అన్నారు. "రమ్మనండి."

"గీత లేదండీ. గీత లేకపోతే రాదు."

"ఎదురుగా మంత్రిగారున్నారు, గీత దేనికయ్యా?"

"దానికి తెలీదండీ."

"మరి మంత్రిగారు నాలుగడుగులు వేస్తే?" అన్నాడు పీయే.

కార్యదర్శి గారు అతన్ని చూసిన చూపుకి అతను సగం అయ్యాడు. "మంత్రిగారు ఒక యంత్రం దగ్గరికి వెళ్ళడమా? రేపు పేపర్లో ఏం రాస్తారు?"

రెండు నిమిషాలు గడిచాయి. మంత్రిగారు చాపిన చెయ్యి తీయలేదు. ఆయన పట్టుదల అలాంటిది. చివరికి కార్యదర్శి గారే ఉపాయం చెప్పారు. ఆరుగురు అటెండర్లు తివాచీ అంచు పట్టుకుని, "హైలెస్సా" అని మెల్లిగా అనుకుంటూ, మంత్రిగారితో సహా చీమ దగ్గరికి లాగారు. ఆయన ఊగారు గాని అడుగు వేయలేదు. కత్తెర అందుకున్నారు. రిబ్బను ఇప్పుడు వెనక ఉండిపోయింది కాబట్టి దాన్నీ తెచ్చారు. మర్నాడు పత్రికల్లో నేను పంపిన వాక్యమే వచ్చింది: "అడుగైనా వేయకుండా ఆధునికతను అందుకున్న మంత్రివర్యులు."

సభ అయ్యాక తువ్వాలు పట్టుకుని చీమ కోసం వెళ్ళాను. లేదు. వరండాలో అద్దాల పెట్టెలో ఉంది. పక్కన రాగి రేకు మీద 'ప్రథమ ప్రభుత్వ రోబో'. దాని పొట్ట మీద అప్పటికే స్టాకు నంబరు రాసేశారు, పెయింటుతో.

"ఇది ఒక పిల్లదండీ," అన్నాను.

"అవును. పిల్లలదే కదా ఈ పథకమంతా," అన్నారు కార్యదర్శి గారు, తాళంచెవి జేబులో వేసుకుంటూ.

"కాదండీ, అంటే..."

"అంటే?"

అంటే ఈ రోబో పథకంలోది కాదని చెప్పాలి. అలా చెబితే పథకంలో రోబో లేదని తేలుతుంది. అలా తేలితే ఎందుకు లేదని అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "అంటే, దుమ్ము పడకుండా చూడాలండీ," అన్నాను. ఆయన నా శ్రద్ధకి సంతోషించారు.

సాయంత్రం ఖాళీ తువ్వాలుతో వెళ్ళాను. అక్క మిషన్ ఆపింది. పేచీ తువ్వాలు తీసుకుని, విప్పి చూసి, మళ్ళీ మడతపెట్టింది. "నేను రేపు అడుగుతానే," అన్నాను. "రేపు శుక్రవారం," అంది పేచీ, నాకు తెలియనట్టు. అక్క మాత్రం ఒకటే మాట అంది. "మన ఇంట్లో పుట్టినవాడివే కదరా నువ్వు."

శుక్రవారం అడిగాను. ఆ పెట్టె తెరవాలంటే దరఖాస్తు ఇవ్వాలట. దరఖాస్తు పరిశీలించేది నిపుణుల కమిటీ అట. పరిశీలించి, తెరవవచ్చునని రాసి, కార్యదర్శి గారి సంతకానికి పంపాను. ఆయన ఊళ్ళో లేరు, శనివారం బహుమతుల వేళకే వస్తారట. తాళంచెవి ఆయన జేబులో ఉంది.

శనివారం పోటీ. తొమ్మిదిమంది పిల్లలు తొమ్మిది రోబోలు తెచ్చుకున్నారు. పదో మనిషి పేచీ, ఉత్త చేతులతో వరుసలో నిలబడింది. బల్ల దగ్గర గుమాస్తా అడిగాడు. "రోబో ఏదమ్మా?"

"వరండాలో ఉందండీ. అద్దాల పెట్టెలో."

"అది గవర్నమెంటుది."

"దాని ముందువైపు గుండీ ఉంటుంది చూడండి. మా అమ్మ డబ్బాలోని కోటు గుండీ."

గుమాస్తా కాగితం నావైపు జరిపాడు. న్యాయనిర్ణేతను నేనే. ముప్పై ఒకటో రూలు: రోబో లేని అభ్యర్థిని అనుమతించరాదు. ఈ రూలు రాసిన వెధవ కూడా నేనే. కంచే చేను మేసిందని విన్నాను గాని, మేస్తున్నప్పుడు కంచెకి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. సంతకం పెట్టాను. ఈసారి చిన్నగా పెట్టాను.

మొదటి బహుమతి 'ప్రథమ ప్రభుత్వ రోబో'కి వచ్చింది. మంత్రిగారి చేతికి కత్తెర ఇచ్చినదానికి రెండో బహుమతి ఇచ్చే ధైర్యం ఎవరికుంటుంది? తొమ్మిదిమంది పిల్లలూ చప్పట్లు కొట్టారు, కొట్టమన్నారు కాబట్టి. ఇక సీటు సంగతి వచ్చింది. రోబో పాఠాలు వినలేదు కాబట్టి సీటు శాఖకే చెందుతుందని కార్యదర్శి గారు తేల్చారు. శాఖలో రోబోటిక్స్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"అది బడిపిల్లల సీటండీ," అన్నాను.

"నేర్చుకునేవాడెవడైనా పిల్లాడేనయ్యా. పైగా మీరు శిక్షణ పొందితే ఏడో రూలు కూడా తీరిపోతుంది."

సిగ్గు విడిచి చెబుతున్నాను, అరక్షణం సంతోషం వేసింది. రెండు నెలలు, హాస్టలు, చేతిలో కొత్త నోటుపుస్తకం. తర్వాత హాలు చివర గోడకి ఆనుకుని నిలబడ్డ పేచీ కనబడింది.

నాకూ ఒక మనస్సాక్షి ఉంది, అది ముప్పై ఎనిమిదో రూలులో ఉంది: ఆసక్తి గల విద్యార్థికి రోబో లేకపోయినా ప్రోత్సాహక బహుమతి ఇవ్వవచ్చును. దాన్ని వాడాను. పక్క బడి కిట్ ఒకటి తెప్పించి, బహుమతిగా ఇచ్చిన కిట్‌కి ఏడో రూలు వర్తించదని పక్కన రాసి సంతకం చేశాను. పేచీని స్టేజీ మీదకి పిలిచారు. మంత్రిగారు తన ముఖం అచ్చువేసిన డబ్బాను తన చేతులతో దానికి ఇచ్చారు. నేను కిందనుంచి గట్టిగా చప్పట్లు కొట్టాను. చీమ పోతే పోయింది, కొత్త మోటార్లు వచ్చాయి, వచ్చే ఏడాది కాలేజీ పోటీలుంటాయి, ఇంకా మంచిది చేస్తుంది. ఇలా అనుకుంటూ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం ఉదయం అక్క ఇంటికి వెళ్ళాను. పేచీ నాకోసమే ఆగింది, డబ్బా విప్పకుండా. "కమిటీ ముందే విప్పుదామని మామయ్యా," అంది. ముఖంలో మూడురోజుల తర్వాత కొంచెం వెలుగు. అక్క కత్తెరతో సీలు కోసింది. లోపల తెల్లటి థర్మాకోలు. దాని లోపల చిన్న అట్టడబ్బా. దాని లోపల ఒక ప్లాస్టిక్ కవరు.

కవర్లో నాలుగు స్క్రూలున్నాయి. ఒక జిరాక్సు కాగితం ఉంది.

పేచీ డబ్బా తలకిందులు చేసి దులిపింది. థర్మాకోలు ముక్క ఒకటి రాలింది. ఆ తర్వాత కాగితం విప్పి పైకి చదివింది. "నమూనాను కదిపి చూడగా సంతృప్తికరమైన చప్పుడు వచ్చినది. నాలుగు వందలూ ఏ మార్పూ లేకుండా అచ్చం ఇలాగే సరఫరా చేయవలెను."

"ఈ సంతకం నీదేనా?" అంది అక్క.

"నాదే."

కాంట్రాక్టరుకి ఫోన్ చేశాను. ఆదివారమైనా ఎత్తాడు. చెప్పాను కదా, మర్యాదస్తుడు.

"డబ్బాలో ఏమీ లేదేమయ్యా?"

"అది డబ్బా శాంపిల్ కద్సార్. లోపలి సామాను శాంపిల్ సోమవారం తేవాలనుకున్నా. ఈలోపే తమరు అచ్చం ఇలాగే అని ఉత్తరం ఇచ్చేశారు. గవర్నమెంటు ఆర్డరు, మనం మార్చకూడదు కద్సార్."

"మరి మిగతా మూడు వందల తొంభై తొమ్మిది?"

"వెంట్రుకవాసి తేడా ఉండదు సార్. కావాలంటే కదిపి చూస్కోండి."

ఫోన్ పెట్టేశాను. నాకు ఏడుపొచ్చింది. యాభై రెండేళ్ళవాణ్ణి, కమిటీని, ఏడుస్తే బాగుండదని ఆపుకున్నాను. "నన్ను తిట్టవే," అన్నాను. "ఏదో ఒకటి అను. పేచీ పెట్టుకో."

పేచీ డబ్బా అట్టని వంచి చూసింది. "అట్ట మాత్రం గట్టిది," అంది. తర్వాత నాలుగు స్క్రూలూ ఏరి నా చొక్కా జేబులో వేసింది. బల్ల చివర నుంచి సోల్డరింగ్ ఐరన్ తెచ్చి, దాని వైరు నీటుగా చుట్టి, వేడెక్కే కొన తనవైపు పెట్టుకుని, పిడి నావైపు చాపింది.

"రేపట్నించి శిక్షణ కదా మామయ్యా. అక్కడ అడుగుతారు. పట్టుకోవాల్సింది ఇటువైపు."

తీసుకున్నాను. అక్క మిషన్ మళ్ళీ మొదలుపెట్టింది. వీధి మెట్లు దిగుతుంటే జేబులో స్క్రూలు గలగలమంటున్నాయి. రెండో మెట్టు మీద ఆగి, ఒకసారి విన్నాను. సంతృప్తికరంగానే ఉంది.